సాల్ట్ వాటర్ ట్యాంక్‌లో ఐప్టేసియా, మజానో పట్టినయా? వదిలించుకునే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా

మెరైన్ ట్యాంక్ పెట్టినోళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఇది ఎదురైతది. రాయి సందులో నుంచి గోధుమ రంగులో సన్నటి కాడ, దాని పైన చుట్టూ పొడుగు పొడుగు తీగలు, చూడ్డానికి బాగానే ఉంటది, కొత్తోళ్లయితే ఫ్రీగా అనిమోన్ వచ్చిందని ఫొటో తీసి వాట్సాప్‌లో పెడ్తరు. కొన్ని నెలలు ఆగితే అదే రాయి నిండా అవే ఉంటయి, పక్కనున్న జోయాలు (చిన్న పూల తీరు గుంపుగా పెరిగే కోరల్స్) విచ్చుకోవుడు మానేస్తయి, హామర్ అనే కోరల్ ఒక పక్క నుంచి కరిగిపోతుంటది. అదే ఐప్టేసియా. దానికి తోడు మజానో అని ఇంకోటి ఉంది. రెండింటి గురించీ చెప్త, కానీ ఎక్కువ తిప్పలు పెట్టేది ఐప్టేసియానే కాబట్టి ఎక్కువ దాని మీదనే చెప్త.

మన హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ సైడ్ మెరైన్ ట్యాంక్‌లు ఉన్నోళ్లు తక్కువ మంది, ప్రతి చేప ప్రతి ఫ్రాగ్ (అంటే కోసి అమ్మే కోరల్ ముక్క) చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో పార్సిల్ అయి రావాల్సిందే, ఒక కోరల్ పోయిందంటే మళ్లీ తెప్పించుకునుడు మామూలు పని కాదు. వీడియోల్లో ఫారినోళ్లు చూపించే జీవాలు, మందులు చాలా మటుకు ఇక్కడ టైంకి దొరకవు. అందుకే మనకి దొరికే వాటితో ఏం చెయ్యొచ్చో దాని మీదనే ఎక్కువ రాస్తున్న.

అన్నిటికన్నా ముందు ఒక మాట. ఐప్టేసియాని పీకొద్దు, గీకొద్దు, కత్తిరించొద్దు. ట్యాంక్ లోపల బ్రష్ పెట్టి రుద్దొద్దు. ఉన్నకాడనే చంపాలె, ఒకటో రెండో ఉన్నప్పుడే చంపాలె. ఎందుకో కింద చెప్త.

ముందు అది అదేనా కాదా చూసుకోండి

ఐప్టేసియాకి కాడ పొడుగ్గా ఉంటది, ఒళ్లంతా అవతల కనిపించేంత పల్చగ, లేత గోధుమ రంగు, తీగలు చివరికి వచ్చేసరికి సూదిగా సన్నబడ్తయి. నడుమ నోరు. వేలు దగ్గరికి పోతే చాలు, క్షణంలో మొత్తం సందులోకి గుంజుకుంటది, అక్కడ ఏం లేనట్టే ఉంటది. లైట్ తక్కువ ఉన్నకాడ, సంప్‌లో (ట్యాంక్ కింద ఫిల్టర్, పంపులు పెట్టే డబ్బాలో) అయితే తెల్లగా పాలిపోయి కూడా కనిపిస్తది, అది వేరే జాతి అనుకోవద్దు.

మజానో అట్ల కాదు. పొట్టిగా, బొద్దుగా ఉంటది, తీగల చివర్లు గుండ్రంగా ఉబ్బి ఉంటయి, కొన్నిటికి ఆకుపచ్చ, గులాబీ మెరుపు కూడా ఉంటది. అందుకే చాలా మంది దాన్ని బబుల్ టిప్ అనిమోన్ పిల్ల అనుకుని ముద్దుగా పెంచుతరు. తేడా ఏందంటే బబుల్ టిప్ పెరిగి అరచెయ్యి దాటుతది, మజానో రెండు మూడు సెంటీమీటర్ల కాడ ఆగిపోయి పెరుగుడు బదులు చీలిపోతుంటది. మీరు కొనకుండానే రాయి మీద గుంపుగా వస్తున్నయంటే అది మజానోనే అనుకోవాలె.

ఫెదర్ డస్టర్ పురుగులని చూసి కంగారుపడి మందు వేసేటోళ్లు కూడా ఉన్నరు. వాటికి గట్టిగనో తోలు తీరుగనో ఒక గొట్టం ఉంటది, పైన ఈక లాంటి కిరీటం, అది గొట్టంలోకి పోతది. వాటి వల్ల నష్టం లేదు, ఉండనియ్యండి. డౌట్ ఉంటే ఫోన్‌లో మాక్రో పెట్టి ఫొటో తీసి పెద్దగ చేసి చూడండి, నడుమ నోరుండి దాని చుట్టూ వరుసగా తీగలు ఉన్నయా లేదా తెలిసిపోతది.

ఇంత మొండిగ ఎందుకు ఉంటది

ఇది తెలుసుకుంటే కింద చెప్పే ప్రతి స్టెప్ ఎందుకో మీకే అర్థమైతది.

ఐప్టేసియా రాయిని పట్టుకునే అడుగు భాగం ఉంటది కదా, అది జరుగుతుంటే వెనక చిన్న చిన్న ముక్కలు వదిలేస్తది. ఆ ప్రతి ముక్క కొన్ని రోజులకి తీగలు వేసి కొత్త ఐప్టేసియా అయితది. జత అవసరం లేదు, ఒక్కటి చాలు ట్యాంక్ నిండడానికి. ఇగ మీరు పట్కారు పెట్టి పీకితే అదే పని మీరు చేసి పెట్టినట్టు, పై భాగం చేతికి వస్తది, అడుగు ముక్కలు రాయిలో ఉండిపోతయి, నీళ్లలో కొట్టుకపోయిన ముక్కలు ఇంకోకాడ తేల్తయి. గుడ్లు, పిల్లల పద్ధతిలో కూడా పెరుగుతది కానీ మన ట్యాంక్‌లలో ఎక్కువ ఈ ముక్కల పద్ధతే.

తిండి సంగతి చూస్తే దాని ఒంట్లో జూజాంతెల్లీ అనే కంటికి కనపడని ఆల్గే ఉంటయి, అవి కోరల్స్‌లో ఉన్నట్టే లైట్ తీసుకుని తిండి తయారు చేసి పెడ్తయి. అది కాకుండా నీళ్లలో తేలే చేపల మేతని కూడా పట్టుకుని తింటది. అంటే లైట్ ఉంటే లైట్‌తో, లైట్ లేకుంటే మేతతో బతుకుతది. రాయిని చీకట్లో పెడితే చస్తదని కొందరు చెప్తరు, చావదు, తెల్లబడ్తది అంతే. కోరల్స్ ఎట్ల తెల్లబడ్తయో తెలుసుకోవడానికి సైంటిస్టులు ల్యాబుల్లో ఐప్టేసియానే పెంచుతరు, ఎందుకంటే కోరల్‌కి చుట్టమే కానీ కోరల్ చచ్చే పరిస్థితిలో కూడా ఇది పెరుగుతది.

దాన్ని కదిలిస్తే ఒంటికున్న చిన్న రంధ్రాల నుంచి, నోటి నుంచి తెల్లటి దారాలు బయటికి వదులుతది, వాటి నిండా కుట్టే కణాలు ఉంటయి. పక్కన కోరల్స్ కాలిపోయేది వీటితోటి, తీగలతోటి. అందుకే సగం దెబ్బ కొట్టి వదిలేసుడు మంచిది కాదు.

స్టెప్ ఒకటి: మొత్తం ట్యాంక్ వెతుకుడు

చాలా మంది ముందు రాయి మీద కనపడే వాటినే చంపి అయిపోయిందనుకుంటరు. సంప్ తలుపు తీసి టార్చ్ వెయ్యండి. ట్యాంక్ నీళ్లు సంప్‌లోకి దిగే ఓవర్‌ఫ్లో బాక్స్ లోపల, నురగతో మురికి తీసే స్కిమ్మర్ కింద, నీళ్లు మళ్లీ పైకి పంపే రిటర్న్ పంప్ నీళ్లు గుంజుకునే జాలీ మీద, నీళ్లు కదిలించే వేవ్‌మేకర్ వెనక, సంప్‌లో పెంచే కీటో ఆల్గే (దారాల తీరు నాచు) ముద్దలో, నత్త గుల్లల మీద కూడా చూడండి. సంప్‌లో ఉన్నయి విత్తనం తీరు, పైన ఎన్ని చంపినా కింద నుంచి మళ్లీ వస్తయి. పంపులు, జాలీలు తీసి వెనిగర్ కలిపిన నీళ్లలో గంటసేపు నానబెట్టి కడిగితే వాటి మీదున్నయి పోతయి, ఇది బకెట్‌లో చేసే పని, ట్యాంక్‌లో కాదు. తర్వాత ప్రతి రాయికి ముందు నుంచి, పక్క నుంచి ఫొటోలు తీసి పెట్టుకోండి, ఏది పోయింది ఏది కొత్తగా వచ్చింది అని రెండు వారాల తర్వాత పోల్చి చూడడానికి ఇంతకన్నా సులువు పద్ధతి లేదు.

స్టెప్ రెండు: మేత, నీళ్లు సరి చేసుకునుడు

ఇది చెయ్యకుండా మందులు వేస్తే పని రెట్టింపు అయితది. మార్కెట్ల తెచ్చిన రొయ్యలు మిక్సీ పట్టి ఆ రసంతో సహా ట్యాంక్‌లో పోస్తరు కొందరు, అది చేపలకన్నా ఐప్టేసియాకే ఎక్కువ పోతది. ఫ్రోజెన్ మేత అయినా తాజా రొయ్య అయినా ఆర్ఓ నీళ్లతో జల్లెడలో కడిగి ఆ నీళ్లు పారబోసి ముక్కలే వెయ్యండి, రెండు నిమిషాల్లో తినేంతే వెయ్యండి. కోరల్స్ కోసం చల్లే పొడి మేత ఈ పని అయిపోయేదాకా ఆపండి.

నీళ్ల సంగతి మన దగ్గర ఇంకా ముఖ్యం. చాలా ఇళ్లల్లో బోర్ నీళ్లు గట్టి నీళ్లు, నైట్రేట్ కూడా ఉండొచ్చు. ఇంట్లో తాగే ఆర్ఓ ఫిల్టర్ ఉంది కదా అని అదే వాడ్తరు, కానీ వాటిలో చాలా వాటికి టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఖనిజాల లెక్క) కంట్రోలర్ ఉంటది, తాగేందుకు రుచి కోసమని కొంత మామూలు నీళ్లు మళ్లీ కలుపుతది. టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తే 50, 80 చూపిస్తది. మన ట్యాంక్‌కి సున్నా కావాలె. ఆ కంట్రోలర్ పూర్తిగ మూసి, దాని తర్వాత మిగిలిన ఖనిజాలు కూడా గుంజుకునే డీఐ రెసిన్ డబ్బా ఒకటి పెట్టుకుంటే సరిపోతది. ఎండాకాలం ఇక్కడ 42, 44 డిగ్రీలు కొడ్తది, రోజూ ఆవిరయ్యే నీళ్లు ఎక్కువ, ఆ లోటు నింపడానికి పోసే నీళ్లలో ఏమున్నా ట్యాంక్‌లో పేరుకుంటనే ఉంటది.

అట్లని నైట్రేట్, ఫాస్ఫేట్‌ని సున్నాకి తేవాలని చూడొద్దు. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంటే చాలు. రెండూ సున్నాకి పోతే కోరల్స్ పాలిపోతయి, డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవుల జిగట మొదలైతది. మేత తగ్గించినంత మాత్రాన ఐప్టేసియా చావదు, పెరిగే వేగం తగ్గుతది, మీ మందుకి అందేంత వేగానికి వస్తది.

స్టెప్ మూడు: కాల్క్ పేస్ట్, అంటే సున్నం మందు

నా మటుకు మన ప్రాంతంలో ఉన్నోళ్లకి ఇదే అన్నిటికన్నా నమ్మకమైనది. కాల్షియం హైడ్రాక్సైడ్ పొడి, రీఫ్ వాళ్లు కాల్క్‌వాసర్ అంటరు. నీళ్లలో కలిపితే పీహెచ్ 12 దాటుతది, ఆ ఘాటుకి అనిమోన్ కణాలు అక్కడికక్కడే కాలిపోతయి. మిగిలింది నీళ్లలో కరిగి కాల్షియం, ఆల్కలినిటీగా మారుతది కాబట్టి కొంచెం వాడితే ట్యాంక్‌కి విషం కాదు.

పొడి ఎక్కడ తేవాలె? పాన్ డబ్బాలో సున్నం కూడా ఇదే కదా అని అడుగుతరు. మూలం అదే కానీ అందులో ఏమేం కలిసినయో తెల్వదు, కొన్నిటిలో వాసన కోసం ఏవో వేస్తరు. గోడలకి వేసే సున్నం అసలే వద్దు, మురికి ఉంటది, పైగా కాల్చిన సున్నం రాళ్లు నీళ్లు తగిలితే సలసలా కాగి మీద చిట్లుతయి. కాలేజీ ల్యాబులకి కెమికల్స్ ఇచ్చే షాపుల్లో ల్యాబ్ గ్రేడ్ కాల్షియం హైడ్రాక్సైడ్ అని అడగండి, లేకుంటే అక్వేరియం కంపెనీల కాల్క్‌వాసర్ డబ్బా ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. ఒక్కసారి కొంటే చాలా కాలం వస్తది. మూత గట్టిగ పెట్టాలె, గాలి తగిలితే అందులోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఉత్త సుద్ద అయిపోతది, అప్పుడు వేసినా పని చెయ్యదు. చాలా మంది కాల్క్ పని చెయ్యలేదు అనేది ఇట్ల పాడైన పొడి వల్లనే.

సిరంజిలు మెడికల్ షాప్‌లో దొరుకుతయి, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ముందు అయితే ఏ సైజ్ కావాలన్నా ఉంటది. 3 లేదా 5 ఎంఎల్ సిరంజి, లావు సూది తీసుకుని సూది మొన నూరేసి మొద్దు చేసుకోండి. ఇన్సులిన్ సూదిలో పేస్ట్ ఇరుక్కుపోతది. లోతున్న ట్యాంక్ అయితే సిరంజికి ఎయిర్ పైపు ముక్క తొడిగి దాన్ని ఒక సన్నటి గట్టి గొట్టానికి కట్టండి, చెయ్యి నీళ్లలో పెట్టాల్సిన పని ఉండదు.

చేతికి గ్లోవ్స్, కంటికి అద్దాలు తప్పకుండా పెట్టుకోండి. సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పడిందంటే వెంటనే ఇరవై నిమిషాల దాకా ధారగా మంచినీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి పోవాలె. పిల్లలు దగ్గర లేనప్పుడు చెయ్యండి.

పొద్దున లైట్లు వచ్చినంక గంట, రెండు గంటలకి మొదలు పెట్టండి. రాత్రంతా లైట్ లేక ట్యాంక్ పీహెచ్ పొద్దున తక్కువ ఉంటది, సాయంత్రానికి పెరుగుతది, కాబట్టి సున్నంతో పీహెచ్ కొంచెం పెరిగినా పొద్దున అయితే తట్టుకుంటది, పైగా లైట్‌కి ఐప్టేసియాలు పూర్తిగ విచ్చుకుని ఉంటయి. ఒక చెంచా పొడిలో ఆర్ఓ నీళ్లు చుక్క చుక్క వేస్తూ కలపండి, గట్టి పెరుగు లెక్క రావాలె, పల్చగ అయితే నీళ్లలో పొగ తీరు లేచి కోరల్స్ మీద పడ్తది.

రిటర్న్ పంప్, వేవ్‌మేకర్, స్కిమ్మర్ అన్నీ ఆపేసి నీళ్లు కదలకుండా రెండు మూడు నిమిషాలు ఆగండి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, పంపులు మళ్లీ వేసుడు మర్చిపోతే చేపలు పోతయి. సిరంజిని నెమ్మదిగా పై నుంచి తీసుకపోయి, తీగలకి తగలనియ్యకుండా నోటి పైన ఆపి, ముందు చిన్న బొట్టు నోట్లో పడేటట్టు వదలండి. చాలా సార్లు అది మేత అనుకుని పట్టుకుంటది. వెంటనే మిగతాది వదిలి మొత్తం తల, తీగలు, కాడ మునిగేటట్టు కప్పండి. లోపలికి గుంజుకుంటే ఆ సందునే పేస్ట్‌తో నింపేయండి. కాడ అడుగు దాకా మందు పోవుడే అసలు పని, తల ఒక్కటే కాలితే అడుగు నుంచి మళ్లీ లేస్తది.

పదిహేను, ఇరవై నిమిషాలు అట్లనే ఉంచి, మిగిలిన తెల్ల ముద్దని సన్న పైపుతో సైఫన్ చేసి బయటికి తీయండి, తర్వాత వేవ్‌మేకర్ తక్కువ స్పీడ్‌లో మొదలు పెట్టండి. పేస్ట్ ఏదన్నా కోరల్ మీద పడితే బాస్టర్‌తో (రబ్బరు బుడ్డి ఉన్న గొట్టంతో) ఊది వెంటనే తీసేయాలె.

200 లీటర్ల ట్యాంక్‌లో ఒక పూటకి ఐదారింటికి మించి ముట్టొద్దు. పీహెచ్ చూస్తుండండి, 0.2 కన్నా ఎక్కువ పెరిగితే ఆ రోజుకి ఆపేయండి. రెండు మూడు రోజుల గ్యాప్ ఇచ్చి మళ్లీ చెయ్యండి. ఒక్క రోజులో అన్నీ తీసెయ్యాలని ముప్పై కొడితే పీహెచ్ ఎగబాకుతది, చచ్చిన ఐప్టేసియాలు కుళ్లి అమ్మోనియా వస్తది, ఆ దెబ్బ చేపల మీద పడ్తది. పెద్ద వాటిని ముందు కొట్టండి, ముక్కలు వదిలేది ఎక్కువ అవే.

ఏప్రిల్, మే నెలల్లో ఇంకొంచెం జాగ్రత్త. నీళ్లు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తక్కువ పడ్తది, పంపులు ఆపితే ఇంకా తగ్గుతది. ట్యాంక్ 28 డిగ్రీలు దాటి ఉంటే ఆ పూట వదిలేయండి, లేదంటే ముందు ఏసీ వేసి చల్లబడనియ్యండి, పావుగంట కన్నా ఎక్కువ పంపులు ఆపొద్దు. బ్యాటరీ ఎయిర్ పంప్ పక్కన రెడీగ ఉండాలె, కరెంట్ అదే టైంకి పోతే అదే ఆసరా.

వేరే మందుల గురించి

రెడ్ సీ కంపెనీ వాళ్ల ఐప్టేసియా ఎక్స్ మందు దొరికితే వాడండి, మంచిదే, తీరు కూడా దాదాపు పైన చెప్పినట్టే, పంపులు ఆపి నోటికి అందించుడు. మొదటిసారి చేసేటోళ్లకి పేస్ట్ కలుపుకునే బాధ లేకుండా సులువుగా ఉంటది. ఖర్చు ఎక్కువ, ట్యాంక్ నిండా ఉన్నోళ్లకి ఒక్క సీసా సరిపోదు.

నిమ్మరసం, వెనిగర్ కూడా పని చేస్తయి కానీ సూది ఒంట్లోకి గుచ్చి ఎక్కించాలె, గుచ్చేలోపే అది లోపలికి పోతది. నిమ్మరసం అయితే గుడ్డలో వడగట్టి ఇన్సులిన్ సిరంజిలో తీసుకోండి, గ్లాస్ మీద, సంప్ గోడ మీద ఉన్న వాటికి ఇది బాగుంటది, అక్కడ దాక్కునే సందు ఉండదు కాబట్టి. వేడి నీళ్లు సిరంజిలో పట్టి వేసేలోపు చల్లారిపోతయి, నేను ఎవరికీ చెప్పను. కాస్టిక్ సోడా వాడ్తం అనేటోళ్లు ఉన్నరు, దయచేసి ఇంట్లో ఆ పని పెట్టుకోవద్దు, సున్నంతో అయ్యే పనికి అంత ప్రమాదం అవసరం లేదు.

జెల్ సూపర్ గ్లూతోనో రీఫ్ పుట్టీతోనో సందు మూసేసుడు ఇంకో పద్ధతి. లోతైన ఒక్క రంధ్రంలో ఉంటే పని చేస్తది. రాయికి పక్కల నుంచి ఇంకో దారి ఉంటే అక్కడి నుంచి బయటికి వస్తది, అందుకే ముందు కాల్క్ నింపి మర్నాడు మూసేస్తే ఖాయంగ పోతది.

స్టెప్ నాలుగు: వాటిని తినే జీవాలు

వీటి మీద చాలా మందికి ఆశ ఎక్కువ, అందుకే కొంచెం వివరంగా చెప్త. మందుతో పెద్దయి పోయినంక మిగిలిన చిన్న వాటిని, చెయ్యి పోని మూలల్లో ఉన్న వాటిని ఏరడానికి జీవాలు పనికొస్తయి. పెద్ద పెద్దయి గుంపుగా ఉన్న ట్యాంక్‌లో ముందే జీవాన్ని వదిలితే చాలా సార్లు ఏం కాదు.

పెప్పర్‌మింట్ ష్రింప్ మనకి కొంచెం దొరికేది. ఒళ్లు పారదర్శకంగా ఉండి నిలువుగా సన్నటి ఎర్ర గీతలు ఉంటయి. షాపుల్లో కామెల్ ష్రింప్‌ని కూడా ఇదే పేరుతో అమ్మేస్తుంటరు, అది కోరల్స్, జోయాలు తింటది. కామెల్‌కి వీపు మీద గూని ఎత్తుగా ఉంటది, ఎర్ర గీతల మధ్య తెల్ల గీతలు, చుక్కలు గట్టిగ కనిపిస్తయి. డబ్బులు ఇచ్చే ముందు వీడియో తెప్పించుకుని చూడండి. పెప్పర్‌మింట్ కూడా ప్రతి ఒక్కటీ ఐప్టేసియా తింటదని లేదు, మేత ఎక్కువ దొరికితే దాని జోలికి పోదు. ట్యాంక్ సైజ్‌ని బట్టి మూడు నాలుగు కలిపి వేసి, మేత బాగా తగ్గించండి. రాత్రి పూట తిరుగుతయి, పగలు కనపడలేదని కంగారు పడొద్దు. ఉప్పు శాతం మార్పుకి తట్టుకోవు కాబట్టి చుక్క చుక్క పద్ధతిలో గంట పైన టైం ఇచ్చి అలవాటు చెయ్యాలె. చేపలకి ఇచ్ (తెల్ల చుక్కల జబ్బు) వచ్చిందని రాగి మందు వేసిన ట్యాంక్‌లో అసలు వెయ్యొద్దు. పార్సిల్ నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యల తెప్పించుకోండి, మే నెలలో ప్లాట్‌ఫారం మీద ఎండకి ఉన్న డబ్బాలో ష్రింప్ బతుకుడు కష్టం.

బెర్గియా అని చిన్న సముద్రపు స్లగ్ ఉంది, అది ఐప్టేసియా తప్ప ఇంకోటి తినదు. చేపలు, కోరల్స్ దేన్నీ ముట్టదు కాబట్టి దొరికితే ఇదే అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి, కాకపోతే మన దేశంలో దొరుకుడు అరుదు. దొరికితే రాత్రి లైట్లు ఆరినంక, పంపులు ఆపి, పిప్పెట్‌తో ఐప్టేసియా గుంపు పక్కన రాయి మీద వదలండి. తెల్లగ చుట్ట తీరు గుడ్లు పెడ్తది, సుమారు రెండు వారాల్లోపు పిల్లలు వస్తయి, కానీ మొత్తం ట్యాంక్ శుభ్రం కావడానికి నెలలు పడ్తది. రాస్ చేపలు, పెప్పర్‌మింట్ ష్రింప్‌లు దాన్ని తినేస్తయి, అందుకే ష్రింప్, బెర్గియా రెండూ ఒకే ట్యాంక్‌లో పెట్టొద్దు. ఐప్టేసియా అయిపోతే ఆకలికి చస్తయి. అవి అయిపోయేలోపు మిగిలిన స్లగ్‌లని పట్టి అవసరం ఉన్న ఇంకో హాబీయిస్ట్‌కి ఇచ్చేయండి, మన సైడ్ ఇట్ల ఒకరి నుంచి ఒకరికి పోతుంటేనే అవి నిలుస్తయి.

కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై తింటది నిజమే, కానీ అది సున్నితమైన చేప, చాలా వాటికి ఇంట్లో మేత అలవాటు కాక ఎండిపోయి చస్తయి. 400 లీటర్ల కన్నా తక్కువ ట్యాంక్ ఉన్నోళ్లు ఐప్టేసియా కోసమని దాన్ని తేవొద్దు. ఐప్టేసియా తినే ఫైల్‌ఫిష్ దానికన్నా గట్టిది, మేత తొందరగా అలవాటు పడ్తది, కానీ కొన్ని ఫైల్‌ఫిష్‌లు కోరల్ పాలిప్స్ కూడా కొరుకుతయి. ఖరీదైన ఎల్‌పీఎస్ (పెద్ద పాలిప్స్ ఉండే గట్టి కోరల్స్) ఉన్నోళ్లు ఆలోచించుకోవాలె. రకూన్ బటర్‌ఫ్లై చేపలు మాత్రమే ఉన్న ట్యాంక్‌కి సరే, కోరల్స్ ఉంటే వద్దు.

మజానో అయితే

ష్రింప్‌లు దీన్ని పెద్దగ ముట్టవు, బెర్గియా అసలే తినదు. కాల్క్ పేస్ట్ పని చేస్తది కానీ ఇది మందంగా ఉంటది కాబట్టి ఒక్కో దానికి రెండు మూడు సార్లు వెయ్యాల్సి రావచ్చు. ఒక మంచి సంగతి ఏందంటే ఇది ఎక్కువగ రాయి పైపైనే ఉంటది. రాయి బయటికి తీయగలిగితే బకెట్‌లో పెట్టి, చిన్న ఉలితో అనిమోన్ అడుగున ఉన్న రాయి పెచ్చుతో సహా లేపేయండి, అడుగు భాగం పూర్తిగ రావాలె. తర్వాత రాయిని వేరే ఉప్పు నీళ్లలో ముంచి కడిగి లోపల పెట్టండి. ఆ కడిగిన నీళ్లు ట్యాంక్‌లో పోయొద్దు.

కొత్తది ఏదొచ్చినా ముందు బయటనే

ఐప్టేసియా గాలిలో రాదు, మనమే తెస్తం. ఫ్రాగ్ అంటించిన బిళ్ల (ప్లగ్) కింద, లైవ్ రాక్ (జీవాలు పట్టి ఉన్న సముద్రపు రాయి) సందులో, నత్త గుల్ల మీద, కీటో ఆల్గేలో. కోరల్‌ని ముంచి తీసే మందు నీళ్లు, అంటే డిప్‌లు, పురుగులకి పని చేస్తయి కానీ దీనికి కాదు, డిప్‌లో ముంచగానే లోపలికి ముడుచుకుని బయటికి వచ్చినంక హాయిగా విచ్చుకుంటది. కాబట్టి వచ్చిన ఫ్రాగ్‌ని ప్లగ్ నుంచి కోసి తీసి కొత్త ప్లగ్‌కి అంటించండి, పాతది పారేయండి. 20, 30 లీటర్ల చిన్న ట్యాంక్‌లో లైట్, చిన్న పంప్ పెట్టి నాలుగు నుంచి ఆరు వారాలు చూసి, రాత్రి టార్చ్‌తో కూడా చూసి అప్పుడు లోపల పెట్టండి.

రాయి విషయంలో ఇంకో మాట. మన సముద్రం నుంచి తీసిన లైవ్ రాక్, గట్టి కోరల్స్ అమ్మినా కొన్నా నేరం, వైల్డ్ లైఫ్ ప్రొటెక్షన్ యాక్ట్ 1972 లో గట్టి కోరల్స్, సీ ఫ్యాన్‌లు షెడ్యూల్ 1 కింద ఉన్నయి, పులికి ఎంత రక్షణో వాటికీ అంతే. తయారు చేసిన సెరామిక్ రాయో పొడి రాయో తీసుకుంటే ఆ తప్పూ ఉండదు, ఐప్టేసియా కూడా రాదు.

ఏం చేసినా తగ్గకపోతే

రాయి రాయికీ పదుల్లో ఉండి, నెలల తరబడి కొట్టినా పెరుగుతనే ఉంటే ఆ రాయి మార్చుడు మంచిది. ఒక్కసారి అన్ని రాళ్లు తీయొద్దు, మంచి బాక్టీరియా అంతా పోతది, ఒకటి రెండు రాళ్ల చొప్పున తీయండి.

ఇక్కడ ఒక్కటి గట్టిగ చెప్తున్న, దాని మీద జోయాలు, వాటి చుట్టమైన పాలీథోవా ఉన్న రాయిని ఉడకబెట్టొద్దు, మరిగే నీళ్లు పోయొద్దు, బ్రష్‌తో గీకొద్దు. వాటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, ఆవిరితోటో తుంపర్లతోటో ఊపిరితిత్తుల్లోకి, కళ్లలోకి పోతే ఇంటిల్లిపాది ఆసుపత్రి పాలైన సంఘటనలు వేరే దేశాల్లో జరిగినయి. అట్లాంటి రాయిని తడిగా ఉన్నప్పుడే గ్లోవ్స్‌తో కవర్‌లో కట్టి పారేయండి, దాన్ని కాపాడుకోవాలని చూడొద్దు.

జోయాలు లేని రాయి అయితే మేడ మీద గాలి ఆడేకాడ ప్లాస్టిక్ బకెట్‌లో ఒక వంతు మామూలు బ్లీచ్‌కి పది వంతుల నీళ్లు కలిపి ఒక రోజంతా నానబెట్టండి. ఆ బకెట్‌లో వెనిగర్ గానీ బాత్రూం యాసిడ్ గానీ ఒక్క చుక్క కూడా పడొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తది. తర్వాత నాలుగైదు సార్లు నీళ్లు మార్చి కడిగి, ఎండలో పెట్టండి. మన మే నెల ఎండకి రెండు వారాలు చాలు, చలికాలం అయితే నెల దాకా ఉంచండి, లోపలి సందులు కూడా ఎండాలె. ఆ తర్వాత ఆర్ఓ నీళ్లలో క్లోరిన్ తీసే మందు, అంటే సోడియం థయోసల్ఫేట్ వేసి బ్లీచ్ వాసన పూర్తిగ పోయేదాకా నానబెట్టండి.

వెంటనే ట్యాంక్‌లో పెట్టొద్దు. ఎండిన రాయిలో చచ్చిన జీవాలు ఉంటయి, అమ్మోనియా, ఫాస్ఫేట్ వదులుతది. వేరే డబ్బాలో 1.025 సాంద్రత ఉన్న ఉప్పు నీళ్లు, చిన్న పంప్, కొంచెం బాక్టీరియా సీసా మందు వేసి నాలుగు నుంచి ఆరు వారాలు తిప్పండి, మధ్యలో నీళ్లు మార్చండి. వారం తేడాతో చేసిన రెండు టెస్టుల్లో అమ్మోనియా, నైట్రైట్ సున్నా వచ్చి ఫాస్ఫేట్ 0.1 లోపల ఉంటే ఆ రాయిని మళ్లీ ట్యాంక్‌లో పెట్టుకుని, తర్వాతి రాయి బయటికి తీయండి.